బంకకప్ప

ఆ పొద్దు ఆకాశం ఏదీ తేల్చలేదు. రాత్రి రెండు జాములపాటు దంచి, తెల్లారేసరికి తూర్పున కాస్త తెరిచి, ఏమనుకుందో ఏమో మళ్ళీ మబ్బును లాక్కొచ్చి నల్లగుట్ట నెత్తిన కూర్చోబెట్టింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి పన్నెండో రోజు. ఆ ఏడు అదే తొలివాన.

తుల్సీరాం వాకిట్లో వేపపుల్ల నములుతూ చెవి రిక్కించాడు. గుట్ట కింద దొనకుంట వైపు నుంచి వస్తోంది ఆ చప్పుడు. ఖాళీ కుండ మూతికి నోరానించి ఊదినట్టు, ఒకటి ఆగితే ఇంకొకటి, నూరు గొంతులు. బంకకప్పలు. ఏడాది పొడవునా మట్టి కింద కిమ్మనకుండా పడుకుని, ఒక్క వానకే లోకమంతా తమ అబ్బ సొత్తయినట్టు అరుస్తున్నాయి.

“వచ్చిన్రు దొరలు,” అని పుల్ల ఉమ్మేశాడు. “నెల కింద రాకపోయిన్రా?”

పొయ్యి దగ్గర అతని భార్య నీలి జొన్నరొట్టె తిప్పుతోంది. తల ఎత్తకుండానే అందుకుంది.

“వాటినెందుకంటవు? వాటి కాలమొచ్చింది, వచ్చినయ్. నోరుండి మూసుకున్నోన్ని ఏమనాలె?”

తుల్సీరాం చెంబు నీళ్ళతో నోరు పుక్కిలించాడు.

“పో, కుంటకాడికి పోయి వాటికే చెప్పు, మీరు లేరని. సారుకు చెప్పినవ్ గద, నాకెర్కలే అని? గదే చెప్పు. సిగ్గుపడి మళ్ళ మట్టిల్కి పోతయ్.”

నెల రోజులుగా ఆ ఇంట్లో రొట్టెతో పాటు వడ్డిస్తున్నది ఇదే. ఇందులో నీలి తప్పేమీ లేదు. అది తుల్సీరాంకూ తెలుసు. తెలిసినందుకే అతనికి మరీ మండుతుంది.

సంగతేమిటంటే, నల్లగుట్టను కోసి రాయి అమ్ముకోవాలని ఒక క్వారీ కంపెనీ చూస్తోంది. గుట్ట చుట్టూ ఉన్న, కంపెనీ కొనబోయే భూములు కొండల్‌వి. ఊళ్ళో నలభై ఎకరాల ఆసామి, తెలంగాణ ఉద్యమంలో మండలానికంతా పెద్ద గొంతు. గుట్టకూ తండాకూ నడుమ మూడెకరాల పల్లం ఉంది, అదే దొనకుంట. ఏడాదిలో తొమ్మిది నెలలు నెర్రెలు విచ్చి ఉంటుంది. వానలు పడితే నిండుతుంది. ఆ నీళ్ళే తండా గొడ్లు తాగుతాయి, ఆ నీళ్ళతోనే తుల్సీరాం లాంటి ఏడిళ్ళవాళ్ళు నారు పోసుకుంటారు. సర్కారు నక్షలో మాత్రం అది కుంట కాదు, బీడు. ఎవడో ఎండాకాలం వచ్చి గీసిపోయిన నక్ష అది. బీడైతే క్వారీలో పనికిరాని రాయంతా అందులో పోసి పూడ్చేయొచ్చు. కుంటైతే కుదరదు. అది బీడా కుంటా అన్నది చూసి, అక్కడ ఏమేం బతుకుతున్నాయో రాసివ్వడానికి కంపెనీ పిలిపించిన మనిషి ముక్తేశ్వరరావు. కోస్తా వైపు ఏదో కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన సారు.

ఆ సారు వచ్చింది రోహిణి కార్తె మొదట్లో, మిట్టమధ్యాహ్నం. పిట్ట కూడా నీడ వదలని పూట. తెల్ల బూట్లు, చేతిలో వల. ఆ వలను ఒక్కసారీ విప్పలేదు. వెనక గొడుగు పట్టిన డ్రైవరు. పక్కన కొండల్. కప్పల కోసం రోహిణి ఎండలో వెతికే మనిషిని తుల్సీరాం పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం. చెల్పూర్‌లో కరెంటు కేంద్రం కడుతున్నప్పుడు రెండేళ్ళు సిమెంటు మోశాడు అతను. అక్కడ పెద్ద టోపీలవాళ్ళను చాలామందిని చూశాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత తక్కువ తెలుసునని అక్కడే లెక్కకట్టుకున్నాడు. ఈ సారు అరవలేదు. అరవకుండానే ఆ వరసలో చేరిపోయాడు.

ఎందుకంటే ఆయన పోయి పోయి చెదపుట్ట మొదట్లోనే నిలబడ్డాడు. మట్టి మెత్తగా, వేలితో పొడిస్తే దిగేట్టు ఉండే చోట. సరిగ్గా ఆ బూట్ల కింద మూరెడు లోతులో బంకకప్పలు పిడికిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. తుల్సీరాంకు ఆ కప్ప సంగతి తన చేతిగోళ్ళ సంగతి తెలిసినంత బాగా తెలుసు. దాని వెనక కాళ్ళ మడమలకు చిన్న పారల్లాంటి గట్టి అంచులుంటాయి. వాటితో తోడుకుంటూ వెనక్కి వెనక్కి భూమిలోకి దిగుతుంది. దిగేటప్పుడు కూడా మొహం నీవైపే పెట్టి చూస్తూ దిగుతుంది. పుట్టలో చెదలు తిని బతుకుతుంది. తొలివానకు పైకొచ్చి, నీళ్ళలో గుడ్లు పెట్టి, పదిరోజుల్లో మళ్ళీ మాయం. ఎగరలేదు, కరవలేదు, పరుగెత్తడం చేతకాదు. దానికున్నవి రెండే విద్యలు. ముట్టుకుంటే పొంగుతుంది, పాము నోట్లో పట్టనంత పొంగుతుంది. అయినా వదలకపోతే ఒళ్ళంతా తెల్లటి పాలు ఊరతాయి. ఆ పాలు గాలి తగలగానే బంక. ఓసారి బంకకప్పను నోట కరిచిన కుక్క సగం పూట దవడ తెరవలేక తండా అంతా తిరిగింది.

“ఏమయ్యా, వర్షాకాలంలో ఇక్కడ నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి?” అని అడిగాడు సారు.

“రెండు నెల్లకు ఎక్వనే ఉంటయ్ సారూ. నాగులపంచమికి నువ్వొస్తే నడుంలోతు ఉంటయ్.”

“సారును నువ్వంటావేంటి?” అని డ్రైవరు కస్సుమన్నాడు.

“పోనీలేవయ్యా. ఉంటయ్!” అని సారు ఆ మాటను సాగదీసి పలికి నవ్వాడు. “సినిమాల్లో రౌడీ వెనకాల ఒకడు తిరుగుతుంటాడు చూడు, అచ్చం వాడే.”

డ్రైవరు నవ్వాడు. వాళ్ళు నవ్వితే నవ్వారు, వాళ్ళది ఈ ఊరు కాదు. కొండల్ కూడా నవ్వాడు. ఆ పొద్దున్నే తొర్రూరు చౌరస్తాలో మైకు పట్టుకుని “మన యాసను ఎక్కిరించినోని నాలిక కోస్తం” అని అరిచి, గొంతు బొంగురుపోయి వచ్చిన కొండల్. “అంతే సార్, తండావాళ్ళు మరీనండీ,” అని సారు మాట తీరునే తన మాటకు అతికించుకుని మరీ నవ్వాడు.

తుల్సీరాం దవడ అక్కడ మూసుకుంది.

సారు చెట్టు నీడన కూర్చుని కూల్‌డ్రింకు తాగుతూ, అడగకుండానే తన గొప్ప మొదలెట్టాడు. పోర్చుగల్ అనే దేశంలో తను చదివిన జీవి గురించి. కప్పల చుట్టమే, పెద్దయినా తోక ఊడదు. జానెడు పొడవు. చెరువుల్లో, పాడుబడ్డ బావుల్లో ఉంటుంది. నీళ్ళెండితే బురద నెర్రెల్లో దూరి వానదాకా పడుంటుంది. ఏదైనా దాన్ని నోట పట్టిందా, తన పక్కటెముకల్ని తనే ముందుకు తిప్పి, తన తోలును తనే చీల్చుకుని బయటికి పొడుస్తుంది. ఆ ముళ్ళకు తోలులోని విషం అంటి, పట్టినదాని నోట్లో దిగుతుంది. వదిలేస్తే ఎముకలు లోపలికి పోతాయి, గాయం మానిపోతుంది.

“అలాంటివి చూసిన కళ్ళయ్యా ఇవి,” అన్నాడు సారు. “ఇక్కడేముంది? పశువుల పేడ.”

తుల్సీరాం విననట్టు కనపడుతూ మొత్తం విన్నాడు. మనిషి మీద ఎంత అసహ్యమున్నా ఆ ముచ్చట మాత్రం మంచిదే అనిపించింది.

సారు లేచి బట్టలు దులుపుకుంటూ, అడగాలి గనక అడిగాడు. “ఈ పల్లంలో కప్పలేమైనా చూశావా ఎప్పుడైనా?”

తుల్సీరాం ఆ తెల్ల బూట్లను చూశాడు, వాటి కిందున్న మెత్తటి మట్టిని చూశాడు.

“నాకెర్కలే సారూ.”

ఆ ఒక్క మాటతో కలిగిన తృప్తి అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. ఇంటికి వచ్చి నీలికి చెప్పాడు, ఏదో గెలిచి వచ్చినవాడిలా. నీలి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

“కుంట పాయె,” అంది.

“ఏంది?”

“కప్పలుంటే కుంట. కప్పలు లేకుంటే బీడు. గ్రామసభల గదే గద చెప్పిన్రు. నువ్వు మూలకు కూసుని గోళ్ళు గిల్లుకున్నవ్.”

అప్పుడు వెలిగింది అతనికి. ఆ మెత్తటి మట్టిని చూస్తున్నంతసేపూ కుంట గుర్తుకే రాలేదు. సారు ఎంత వెర్రివాడో చూస్తూ ఉండిపోయాడు.

నెల కావొచ్చింది. ఇప్పుడు కప్పలు అరుస్తున్నాయి, మరుసటి రోజే మండలాఫీసులో క్వారీ మీద అందరి ముందు విచారణ.

“ఆ సారు నిన్న పొద్దుగూకంగనే కొండలన్న ఇంటికొచ్చిండు,” అంది నీలి, రొట్టె తట్టలో పడేస్తూ. “కట్టెలేయ పోయి నా కండ్లతోని చూసొచ్చిన. కోడి కోసిన్రు. ఇయ్యాల ఓరుగల్లు పోయి కాయితం ఇస్తడట.”

“ఇయ్యని.”

“ఎట్ల పోతడు? తొర్రూరు రోడ్డు మీద ఇయ్యాల తెలంగాణ కోసం వంటా వార్పు. పొద్దుగాలనుంచే రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు పెట్టిన్రు. బస్సే పోతలేదు, వాని జీపు పోతదా?”

తుల్సీరాం రొట్టె తుంచాడు. తినలేదు.

“ఆ సారు చెప్పిన తోక కప్ప ఉన్నది చూడు,” అంది నీలి. “అది నువ్వే. ఎవడన్న జర ముట్టిండంటే నీ బొక్కలు నువ్వే పొడుచుకుంటవ్. వాడు పోయినంక గాయం మాన్పుకుంటవ్ పో. మరి కుంట మానుతదా?”

అతను రొట్టె తట్టలో పెట్టి లేచాడు. చూరు కింద ఉన్న బకెట్టు తీసుకున్నాడు. పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి తువ్వాలు కొంగున కట్టుకున్నాడు.

కుంటలో నీళ్ళు పిక్కల దాకానే వచ్చాయి. అయినా వాటి సంబరం చూస్తే సముద్రం వచ్చిందనుకోవాలి. మగకప్పలు గాలి నింపుకుని నీళ్ళ మీద తేలుతున్నాయి, కాళ్ళున్న బుడగల్లా, కాళ్ళు నాలుగు దిక్కులకూ చాచి. ఆడకప్ప వీపుకు మగది బంకతో అతుక్కుపోయి ఉంది. దానికి అంతకు మించి పట్టు తెలియదు. పైన గుడ్లు నీళ్ళ మీద పొరలా పరుచుకుని నల్లగా మెరుస్తున్నాయి. తుల్సీరాం చేతులకు బూడిద పూసుకున్నాడు. తండాలో అందరూ అంతే చేస్తారు. పట్టరు, కింది నుంచి దోసిలి పెట్టి ఎత్తుతారు. పట్టనివాడికి బంక ఊరదు. ఒక జంటను, రెండు ఒంటరి మగవాటిని తడిమట్టి వేసిన బకెట్టులోకి ఎత్తి, పైన టేకాకులు కప్పాడు.

తొర్రూరు రోడ్డుకు మూడు మైళ్ళు. ఇద్దరూ నడిచే వెళ్ళారు. నీలి ముందు, అతను వెనక. 

రోడ్డు మీద జాతర లాగే ఉంది. మూడు రాళ్ళు పెట్టి అంటించిన పొయ్యిలు ఇరవై దాకా, వాటి మీద నిలువెత్తు గంజులు. వంటకు పెద్ద భద్రయ్య, పెళ్ళిళ్ళకు వండే మనిషి. చేతిలో తెడ్డు ఉంటే మంత్రి వచ్చినా లెక్కచేయడు. తడికట్టెల పొగకు అందరికీ కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఆగిపోయిన బస్సులోంచి జనం దిగి వచ్చి ఉల్లిగడ్డలు కోస్తున్నారు. నడుమ ఒక బల్ల మీద కొండల్, మెడలో కండువా, చేతిలో మైకు.

“మన నీళ్ళు!”

“మనకే!” అని జనం.

“మన భూములు!”

“మనకే!”

తుల్సీరాం ఆ బల్ల ముందు నిలబడి బకెట్టు కింద పెట్టాడు. కొండల్ కంట పడ్డాడు. మైకులో కొండల్‌ది ఒక గొంతు, మైకుకు చెయ్యి అడ్డం పెడితే ఇంకొకటి.

“ఏంరా తుల్సీరాం, గా బకెట్ల ఏంది?”

“దొనకుంట.”

కొండల్ వంగి ఆకులు పక్కకు జరిపి చూశాడు. మొహం మాడిపోయింది. “పాగల్ లేసిందారా? గిక్కడ తెలంగాణ కోసం లొల్లి నడుస్తుంటే కప్పలు మోసుకొస్తవా? నడువ్, నడువ్ గిక్కడికెల్లి.”

“కొండలన్నా,” అంది నీలి, పొయ్యిల దగ్గర ఆడవాళ్ళకు వినపడేట్టు, “మన నీళ్ళు మనకే అంటివి గద. గా నీళ్ళయే ఇవి. జర మైకుల చెప్పరాదు?”

ఉల్లిగడ్డలు కోసే చేతులు రెండు మూడు ఆగాయి. కొండల్ మైకు మీద నుంచి చెయ్యి తీసి మళ్ళీ నినాదం అందుకున్నాడు. ఈసారి నీళ్ళు వదిలేసి కొలువుల గురించి.

జీపు బస్సు వెనకాల ఇరుక్కుని ఉంది. అద్దాలు బిగించి లోపల చెమటలో మగ్గుతున్నారు సారూ డ్రైవరూ. రాత్రి కొండల్ ఇంట కోడి తిని, పొద్దెక్కి లేచి, అదే కొండల్ కట్టించిన పొయ్యిలకు చిక్కుకున్నాడు సారు. జీపు ఒక్కదానికి దారి ఇప్పించాలంటే కొండల్ ఇందరి ముందు నోరు తెరవాలి. అందుకు బదులు రెండుసార్లు వచ్చి, అటు చూడకుండా, “ఐపోవచ్చింది సార్,” అని గొణిగి పోయాడు.

తుల్సీరాం అద్దం మీద తట్టాడు. డ్రైవరు దించాడు.

“మళ్ళీ నువ్వా?”

“సారుతోని పనుంది.”

ముక్తేశ్వరరావు ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఉన్నాడు. పైకాగితం కనపడుతోంది, కింద సంతకం కూడా అయిపోయింది. “ఏమిటయ్యా?”

“కప్పలు సారూ. దొనకుంటయి.”

“దొనకుంట అని కుంటేదీ లేదు. అది బీడు. ఏ కాలవలోనో పట్టి తెచ్చావా? ఎవరు పంపారు నిన్ను?”

అయినా చూపు మాత్రం బకెట్టులోకి జారింది. ఒక కప్ప ఆకు కిందనుంచి తల బయటపెట్టింది. గోధుమరంగు వీపు, దాని మీద పసుపు మచ్చలు. మొహం మొద్దుగా, మెడ అనేదే లేకుండా. సారు ఫైలు చంకన పెట్టుకుని, తలుపు తెరుచుకుని దిగాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ మొహంలోంచి కాంట్రాక్టు మనిషి ఎటో పోయి, ఎప్పుడో పోర్చుగల్‌లో ఉండిన మనిషి వచ్చాడు. చెయ్యి చాచాడు.

తుల్సీరాం ఆ చెయ్యి దిగడం చూశాడు. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. నెల కిందటి తృప్తి మళ్ళీ గొంతు దాకా వచ్చింది, తియ్యగా. పక్కన నీలి అతని మొహం కేసే చూస్తోంది.

“సారూ, గట్టిగ పట్టకు,” అన్నాడు. “ముందుగాల చేతికి బూడిద రాసుకో. బంక ఊరుతది.”

“ముప్పై రెండేళ్ళు పిల్లలతో కప్పలు కోయించాను. నువ్వు నేర్పుతావా నాకు?”

పట్టుకున్నాడు, ఒంటి చుట్టూ వేళ్ళు బిగించి. కప్ప పెనం మీద పుల్కాలా పొంగింది. సారు ఇంకా బిగించాడు. తెల్లటి పాలు వేళ్ళ సందుల్లోంచి వచ్చాయి. అరెరె అని వదలబోతే కప్ప ఊడి కింద పడింది, వేళ్ళు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండో చేత్తో తుడవబోయాడు, రెండో చేతికీ బంక అంటింది. చంకలోంచి జారిపోతున్న ఫైలును మోచేత్తో ఆపబోయి అరచేతులతో అందుకున్నాడు. సంతకమైన పైకాగితం రెండు అరచేతులకూ నడుమ అతుక్కుపోయింది. డ్రైవరు సీసాలో నీళ్ళు పోశాడు. అది ఇంకా సాగింది, పిల్లలు నమిలే బబుల్‌గమ్ములా.

జనం మూగారు.

“సారూ, జై తెలంగాణ అను, ఊడుతది!” అని బస్సు పైనుంచి ఎవడో అరిచాడు. రోడ్డంతా పగలబడి నవ్వింది. భద్రయ్య కూడా తెడ్డు వదిలి వచ్చాడు. ఎవరో సెల్‌ఫోను తీసి ఫోటో కొట్టారు. సారు చేతులు రెండూ జోడించి, నడుమ కాగితంతో, ఓట్లు అడుగుతున్నవాడిలా నిలబడ్డాడు.

కప్ప మాత్రం జీపు చక్రం దాకా నింపాదిగా నడిచిపోయింది. నీలి చేతులకు బూడిద అద్దుకుని దాన్ని దోసిట్లోకి ఎత్తి, బకెట్టులో వదిలింది.

సారు నవ్వులన్నీ అయ్యేదాకా ఆగి అడిగాడు. “ఇవి నిజంగా ఆ పల్లంలోవేనా?”

“ఔ సారూ.”

“ఎన్ని?”

“లెక్కలే. వందకు ఎక్వనే. గుడ్లు గూడ పెట్టినయ్.”

ఈలోపు కొండల్ చేతిలో మైకుతోనే జనాన్ని తోసుకుని వచ్చాడు. “సార్, వీని మాటలు పట్టుకుంటరేంది? ఆనాడు మీరడిగితే మీ ముందే ఎర్కలేదన్నడు. ఇయ్యాల వందలున్నయంటడు. ఆనాడన్నది అబద్ధమా, ఇయ్యాలటిది అబద్ధమా? రేపు విచారణల గిట్ల రెండు నాలికలోని మాట ఎవ్వడింటడు?”

 ఆ మాట నిజం. రేపు విచారణలో కూడా కొండల్ ఇదే అంటాడు, ఎవరూ కాదనలేరు.

సారు తుల్సీరాం కేసి తిరిగాడు. “అవును. ఆ రోజు తెలీదన్నావు.”

 తుల్సీరాంకు అలవాటు లేని పని అది, ఇందరి ముందు తన లోపలిది తీసి చూపెట్టడం. సారు బూట్లను చూశాడు. ఇవాళ బురదతో నల్లగా ఉన్నాయి.

“ఎర్కనే ఉండె,” అన్నాడు. “చెప్పలే.”

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు నవ్వినవ్.” బకెట్టు మీద ఆకులు సర్దాడు. “నీళ్ళెన్ని దినాలుంటయంటే చెప్పిన. నా మాటకు నవ్వినవ్. సినిమాల రౌడీ వెనకోడన్నవ్. నువ్వు నిలబడ్డ కాడ్నే ఉండె కప్పలు, నీ కాళ్ళ కింద. చెప్పబుద్ధి కాలే. తప్పు నాదే. కుంట నా ఒక్కనిది కాకపాయె.”

 పొయ్యి మీద ఒక గంజు మూత గలగలమంది.

“నేనొక్కణ్ణే నవ్వానా?” అన్నాడు సారు. తప్పు పంచుకోవడానికి మనిషిని వెతుక్కుంటున్న గొంతు.

“లేదు. గీయన గూడ నవ్విండు.” తుల్సీరాం గడ్డంతో కొండల్‌ను చూపించాడు. “మీకన్న ఎక్వనే నవ్విండు.”

ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్ళు, బస్సు దిగిన జనం, భద్రయ్య, అందరూ కొండల్ కేసి చూశారంతే. కొండల్ మైకును నోటి దాకా ఎత్తాడు. “మజాక్‌కు నవ్విన,” అన్నాడు. ఆ మాట మైకులో పడి రోడ్డు చివరదాకా వినపడింది.

నీలి భద్రయ్య దగ్గర గరిటెడు మంచినూనె అడిగి తెచ్చింది. సారు చేతుల సందుల్లో నూనె పోసి, బూడిద చల్లి, బట్టలు ఉతికినంత గట్టిగా రుద్దింది. “జర ఓర్సుకో సారూ. ఊడుతది, తోలుతోని ఊడదు తియ్.” సారు పళ్ళు బిగబట్టాడు. కాగితం ముక్కలు ముక్కలుగా వచ్చింది. సంతకమున్న ముక్క చిట్టచివర వచ్చింది.

“నీళ్ళు ఎన్నాళ్ళు ఉంటాయన్నావు?” అని అడిగాడు, రుద్దించుకుంటూనే.

“రెండు నెల్లకు ఎక్వనే ఉంటయ్.”

డ్రైవరు మూతి వంకర తిరిగింది. సారు వాణ్ణి చూశాడు. మూతి సరయింది.

“దీని పిల్లలకు కాళ్ళు రావాలంటే నెల పైన నీళ్ళుండాలి,” అన్నాడు సారు, ఎవరితోనూ కాకుండా. “ఏటా ఇన్ని పుడుతున్నాయంటే అది బీడు కాదు. ఎవడైనా బీడని రాస్తే...” అక్కడ ఆపేశాడు. రాసింది తనే.

ఆయనకు తండా మీద ప్రేమ పుట్టుకొచ్చిందని తుల్సీరాం అనుకోలేదు. ఫోటో తీశారు. రేపు ఏదో కాలేజీలో ఎవడో సాటి మేస్టరు, కాళ్ళ కింద కప్పలుండగా చూడలేదట అని నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడ్డాడు సారు. పోనీ, నవ్వితే ఎట్లుంటదో ఆయనకూ తెలియనీ. కాగితం మారితే చాలు.

కాగితం మారింది. జీపు ముందుభాగం మీద పెట్టి కొత్త కాగితం రాశాడు, బంక వదలని వేళ్ళతో, అక్షరాలు వంకర్లు పోతూ. దొనకుంట, ఏటా నీళ్ళు నిలిచే కుంట, అని మొదటి వరస. చూసి చెప్పినవారు అన్న చోట తుల్సీరాం సంతకం పెట్టాడు. ఏడో తరగతి దాకా చదివిన అక్షరాలు, సారు అక్షరాల కంటే గుండ్రంగా వచ్చాయి.

“తిన్నాక కుంట చూపిస్తావా?” అన్నాడు సారు. “గుడ్లు చూడాలి. చూడకుండా మళ్ళీ సంతకం పెట్టకూడదు.”

“చూపిస్త. బూట్లిడిచి రా.”

అప్పటికి భద్రయ్య తెడ్డుతో గంజు అంచు మీద కొట్టాడు. జనం తారురోడ్డు మీద వరసలు కట్టి కూర్చున్నారు. మోదుగాకు విస్తళ్ళు. అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. సారు నిలబడి అటూ ఇటూ చూశాడు. నీలి ఒక విస్తరి చూపించింది. వచ్చి కూర్చున్నాడు, మోకాళ్ళు మడవడం చేతకాక పక్కకు పెట్టుకుని. ఆయన పక్కన తుల్సీరాం, అతని పక్కన నీలి. పేపరాయన ఫోటో కోసం వస్తే కొండల్‌కు ఆ వరసలోనే కూర్చోక తప్పలేదు. ఖాళీగా ఉన్నది నీలి పక్క విస్తరి ఒక్కటే. కండువా సర్దుకుని అక్కడే కూర్చున్నాడు.

నినాదాలు లేవు.  సారు ముద్ద కలిపితే మెతుకులు వేళ్ళకు అతుక్కుని నోట్లోకి పోనన్నాయి. తుల్సీరాం చూశాడు. పచ్చిపులుసు గిన్నె ఆయన వైపు జరిపాడు. సారు వేళ్ళు తడుపుకుని మళ్ళీ కలిపాడు. కొండల్ విస్తరిలో పప్పు ఆరిపోతోంది. నీలి తల వంచుకుని, ఆకలి మీదున్న మనిషిలా శ్రద్ధగా తింది.

మబ్బు గుట్ట దిగి రోడ్డు మీదికి వచ్చింది. విస్తళ్ళలో రెండు చినుకులు పడ్డాయి. ఎవరూ లేవలేదు. వాళ్ళ వెనక బకెట్టులో, టేకాకుల కింద, ఒక కప్ప ఊదడం మొదలుపెట్టింది.